ఆమెన్ తర్వాత

ఆ ఉదయం లాండ్రీలో ప్రార్థన జరుగుతుంటే కళ్లు తెరుచుకుని నిలబడ్డ మనిషి ఒక్కరూ లేరు. రోజూ ఒకరుండేవారు, నీళ్లు పిండే మిషన్ దగ్గర పనిచేసే ఆమె. అందరూ తలలు వంచి కళ్లు మూసుకుంటే ఆమె మాత్రం చేతులు కట్టుకుని మిషన్ల వంకా బాయిలర్ ముల్లు వంకా చూస్తూ నిలబడేది. అదేంటమ్మా అంటే, "అందరం కళ్లు మూసుకుంటే ఎలా అన్నా, ఎవరో ఒకరు చూస్తుండాలి కదా" అనేది. ఏ దేవుడితోనూ ఆమెకు పెద్ద పరిచయం లేదు, అలాగని పేచీ కూడా లేదు. ముందురోజు సాయంత్రం తిరుగుతున్న డ్రమ్ము ఆమె కుడిచేతిని లోపలికి లాక్కుంది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది.

ప్రార్థన చేస్తున్నది ఫిట్టరు. అరవైకి దగ్గరపడిన మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. లాండ్రీలో అందరూ ఆయన్ని ప్రార్థనయ్య అంటారు, సగం గౌరవంగా, సగం వెక్కిరింతగా. స్పానరు పట్టుకుంటే చేతులు ఎంత నెమ్మదిగా కదులుతాయో, ప్రార్థన ఎత్తుకుంటే మాటలు అంత ధారాళంగా వస్తాయి. ఆ రోజూ వచ్చాయి. "గాయపడిన మా సోదరిని నీ స్వస్థపరచు హస్తముతో తాకుము తండ్రీ" అన్నప్పుడు మాత్రం హస్తం దగ్గర నాలుక తడబడింది. తేరుకుని పూర్తిచేశాడు. అందరూ ఆమెన్ అన్నారు.

పిండే మిషన్ ఆగిపోవడంతో పని అస్తవ్యస్తంగా ఉంది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే మిషన్లలోంచి బరువుగా, నీళ్లోడుతూ బయటికొస్తున్నాయి. ఇద్దరేసి మనుషులు చెరో కొసా పట్టుకుని ఒక్కో దుప్పటినీ మెలిపెట్టి పిండుతున్నారు. నేలంతా మడుగు. ఇస్త్రీ మేస్త్రి తన వేడి రోలరు పక్కన పని లేక కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు లేపుతావు ప్రార్థనయ్యా దాన్ని?" అన్నాడు.

"ముట్టుకోవద్దన్నారు. సర్కారు తనిఖీ ఆయన వచ్చి చూడాలట."

"చూడ్డానికేముంది? ఆవిడే మూత పీకిందట కదా. ఇంటికి పోవాలని తొందర."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. నువ్వు చూశావుగా, లాక్ పాడై ఉందా లేదా?"

ఫిట్టరు చేతిలోని స్పానరును గుడ్డతో తుడిచాడు. "పాడయ్యే ఉంది" అన్నాడు చివరికి. అది అబద్ధం కాదు. అబద్ధం కాదు కాబట్టే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

మధ్యాహ్నం యజమాని పిలిపించాడు. ఇద్దరిదీ ఒకే చర్చి. అందుకే వాళ్ల మధ్య ఒక అలవాటు ఏర్పడిపోయింది. పని రోజుల్లో సార్, ఆదివారం బ్రదర్. ఆ రోజు ఆదివారం కాదు. అయినా యజమాని లేచి నిలబడి, "కూర్చోండి బ్రదర్" అన్నాడు. ఫిట్టరు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆ పిల్ల అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది" అన్నాడు యజమాని. కళ్లు నిజంగానే ఎర్రబడి ఉన్నాయి. నటించే మనిషి కాదు. పాటల దగ్గర, ప్రసంగాల దగ్గర చర్చిలో కన్నీళ్లు పెట్టుకునేవాడే. "సోమవారం తనిఖీ ఆయన వస్తున్నాడు. మనవల్ల జరిగిందని తేలితే లాండ్రీకి తాళం వేస్తారు. ఇంతమంది పొట్టలు కొట్టినట్టవుతుంది. ఆవిడ తొందరపాటని తేలితే ఆవిడ ఒక్కదాని ఉద్యోగమే పోతుంది."

"తీగ..." అన్నాడు ఫిట్టరు.

"తీసేశావుగా?"

"తీశాను సార్."

"మరింకేం? లేనిదాని గురించి ఎవరడుగుతారు? లాక్ పాడైందా అంటే పాడైందను. నిజమేగా? నిన్ను అబద్ధం చెప్పమంటానా నేను? అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది దేవుడికి వదిలేద్దాం."

తీగ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా మూతను తెరుచుకోనివ్వకుండా పట్టి ఉంచేది ఆ లాక్. అది అరిగిపోయి, మూత వేసినా వెయ్యలేదనుకుని మిషన్ కదలడం మానేసింది. కొత్త లాక్ వచ్చేదాకా ఏదో ఒకటి చెయ్యమన్నాడు యజమాని. ఏదో ఒకటి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఫిట్టరు వెనక పలక విప్పి, లాక్ నాలుకను తీగతో లాగి కట్టేశాడు. ఆ తర్వాత మూత వేసున్నా తెరిచున్నా మిషన్‌కు ఒకటే. డ్రమ్ము గిర్రున తిరుగుతున్నప్పుడైనా మూత చేతికి వచ్చేస్తుంది. మిషన్ దగ్గర నిలబడే ఆమెకు ఈ మాట చెప్పాలనే అనుకున్నాడు. ఆ పూట ఆమె ఇంకా పనిలోకి రాలేదు. ఈలోగా ఆయన అలవాటు ప్రకారం మిషన్ మీద చెయ్యి పెట్టి, ప్రభువా ఎవరికీ హాని రానీయకు అని ప్రార్థన చేసుకున్నాడు. చేసుకునేసరికి చెప్పాల్సింది చెప్పేసినంత తృప్తి కలిగింది. సామాన్లు సర్దుకుని వేరే పనికి వెళ్లిపోయాడు.

"ఏమంటారు బ్రదర్?" అన్నాడు యజమాని.

"ప్రార్థన చేసి చూస్తాను సార్."

"చెయ్యండి. సోమవారం కూడా ప్రార్థనతోనే మొదలుపెడదాం. మీరే చెయ్యాలి."

శనివారం పని దిగాక ఆస్పత్రికి వెళ్లాడు. వెళ్లాలనిపించి కాదు, వెళ్లకపోతే బాగుండదని. వార్డు చివరి మంచం మీద ఆమె పడుకుని ఉంది. వేళ్ల చివర్ల నుంచి మోచేతి పైదాకా కట్టు. కింద పరిచిన దుప్పటి వాళ్ల లాండ్రీదే. అంచున పడిన మాసిక చూసి గుర్తుపట్టాడు. తను పిండిన దుప్పటి మీదే పడుకుని ఉంది మనిషి.

"కూర్చో అన్నా" అంది. మొహం పీక్కుపోయి ఉంది. "నువ్వు వస్తావనే అనుకున్నా. ఒకటడగాలి నిన్ను."

"అడుగమ్మా."

"మూత నేను పీకానంటున్నారట. నేనెందుకు పీకుతానన్నా? ఎప్పుడూ చేసినట్టే చెయ్యి వేసి లాగాను, వచ్చేసింది. వచ్చిందంటే డ్రమ్ము ఆగినట్టే కదా? ఇన్నేళ్లుగా అంతే కదా? మూత రావడం చూసి చెయ్యి పెట్టాను." ఆగి ఊపిరి పీల్చుకుంది. "లాక్ ఏమైందన్నా?"

పక్క మంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. ఫిట్టరు ఆ దగ్గు అయ్యేదాకా ఆగాడు. చొక్కా జేబులో చుట్టచుట్టిన తీగ ముక్క ఉంది. మిషన్‌లోంచి తీసినప్పుడు చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎందుకు దాస్తున్నాడో ఆయనకే తెలియదు.

"నీ కోసం ప్రార్థన చేస్తున్నానమ్మా" అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు, అనుమానం కూడా లేదు. అలిసిపోయిన చూపు. "చెయ్యన్నా, చెయ్యి. కాకపోతే ముందా లాక్ సంగతి చూడు. రేపు నా చోట ఇంకెవరో నిలబడతారు కదా."

ఆస్పత్రి మెట్లు గోడ పట్టుకుని దిగాడు.

ఆదివారం ప్రసంగం భక్తిపరుడైన మనిషి ఎలా ఉంటాడన్న దాని మీద. పాస్టరు వయసులో చిన్నవాడు, మంచివాడు, కాస్త అమాయకుడు. భక్తిపరుడు గొంతెత్తి మాట్లాడడు అన్నాడు. తగాదాల్లోకి పోడు, పై అధికారికి ఎదురు చెప్పడు, తన బాధను మోకాళ్ల మీదే చెప్పుకుంటాడు అన్నాడు. అలాంటివాళ్లు ఎక్కడో లేరనీ, మన మధ్యే ఉన్నారనీ చెప్పి ఫిట్టరు కూర్చున్న బల్ల వైపు నవ్వుతూ చూశాడు. తలలన్నీ తిరిగాయి. ముందు వరసలోంచి యజమాని కూడా తిరిగి చూసి తలూపాడు. ఫిట్టరు తల దించుకున్నాడు. దాన్నీ అందరూ వినయమే అనుకున్నారు. పక్కన కూర్చున్న భార్య మాత్రం ఆయన చేతుల వంక చూసింది. ఆ చేతులు చొక్కా జేబును నలిపేస్తున్నాయి.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మంచం పక్కన మోకరించాడు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఆయన పని చొక్కాకు మోచేతి దగ్గర మాసిక వేస్తోంది. మాసిక అయిపోయి, దారం కొరికి, చొక్కా మడతపెట్టినా ఆయన లేవలేదు. పెదాలు కూడా కదలడం లేదు.

"లేవండి. మోకాళ్లు పట్టేస్తాయి" అంది.

"మాటలు రావడం లేదే" అన్నాడు తల ఎత్తకుండానే.

అంతకుముందెప్పుడూ వినని మాట. ఆమె లేచి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆయన నేల మీదే కూర్చుండిపోయి, తీగ తీసి ఆమె ఒళ్లో పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఆమె తీగను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరు ఆ అమ్మాయికి చెప్పలేదా?"

"ప్రార్థన చేశాను."

"అది కాదు నేనడిగింది."

ఆయన నేల మీద పడిన దారం ముక్క ఏరాడు.

"మీ ఆయన దేవుడి మనిషి అంటారు అందరూ నాతో" అంది ఆమె. గొంతులో విసుగుంది, ఏడుపూ ఉంది. "నవ్వేసి ఊరుకుంటాను. నాకూ సంతోషమే కదా. కానీ ఒక్కోసారి అనిపిస్తుందండీ, మన ఇంట్లో ఏ కష్టమొచ్చినా మీరు ఈ మంచం పక్కకొచ్చి కూర్చుంటారు, నేను చెప్పులేసుకుని బయటికి వెళ్తాను. పిల్లదాని బళ్లో గొడవైనా అంతే, ఇంటి ఓనరు నీళ్లు ఆపేసినా అంతే. మీ ప్రార్థన మంచిదే. ఎవరికీ అడ్డు రాదు."

"ఉద్యోగం పోతుందే."

"తెలుసు. ఈ వయసులో ఇంకెవరూ పెట్టుకోరు, అదీ తెలుసు. పోతే పోనివ్వండి అనడానికి నాకు నోరు రావడం లేదు." ఆమె తీగను తిరిగి ఆయన అరచేతిలో పెట్టింది. "చెప్పొద్దనడానికి కూడా రావడం లేదు."

ఆ రాత్రి ఇద్దరిలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

సోమవారం యజమాని గదిలో కుర్చీలు వేశారు. తనిఖీ అధికారికి విపరీతమైన జలుబు. వస్తూనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తొందరగా కానిచ్చేద్దాం అన్నట్టు చూశాడు. ఇస్త్రీ మేస్త్రిని సాక్షిగా కూర్చోబెట్టారు. గాయపడిన ఆమెను ఆస్పత్రి నుంచి ఆటోలో తీసుకొచ్చి తలుపు పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు. కట్టు ఉన్న చేతిని రెండో చేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది.

"మా దగ్గర ఏ పనైనా ప్రార్థనతోనే మొదలవుతుంది సార్. మీకు అభ్యంతరం లేకపోతే" అన్నాడు యజమాని.

"కానివ్వండి" అన్నాడు అధికారి మర్యాదకు.

ఫిట్టరు లేచి నిలబడ్డాడు. కుర్చీల చప్పుడు, తలలు వంగడం, నిశ్శబ్దం. అన్నీ ఎప్పటిలాగే.

"పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ, ఈ దినమున నీ పాదసన్నిధిలో కూడుకొనుటకు నీవు మాకు అనుగ్రహించిన కృపను బట్టి నీకు స్తోత్రములు. ఈ సమయమును నీ హస్తములకు అప్పగించుచున్నాము..."

అక్కడిదాకా మాటలు వాటంతటవే వచ్చాయి. సత్యమును బయలుపరచుము అనాలి తర్వాత. నోటిదాకా వచ్చింది కూడా. ఆ సత్యం తన జేబులోనే ఉండగా దాన్ని బయలుపరచమని దేవుణ్ణి బతిమాలుతున్నానే అని తట్టింది.

"తండ్రీ" అన్నాడు మళ్లీ. "మూతని ఆ అమ్మాయి పీకలేదు. నీకు తెలుసు. లాక్ ముందే అరిగిపోయింది. తీగ కట్టింది నేను. కట్టమన్నది సార్. కట్టాక నీకు చెప్పాను గానీ ఆమెకు చెప్పలేదు. నీకు చెప్తే చాలనుకున్నాను. నువ్వేమో ఆ మిషన్ దగ్గర పనిచెయ్యవు."

ప్రార్థన మధ్యలో ఎవరూ ఎవరినీ ఆపరు. యజమాని కుర్చీ ఒకసారి కిర్రుమంది, అంతే. అధికారి తుమ్మును బిగబట్టుకున్న చప్పుడు వినబడింది. ఇంకా ఏదో అందామనుకున్నాడు ఫిట్టరు. ఎలా ముగించాలో తెలియలేదు. ఊరికే ఆగిపోయి కళ్లు తెరిచాడు.

ఆమెన్ రాలేదు కాబట్టి అందరూ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. ఆమె ఒక్కతే కళ్లు తెరుచుకుని ఉంది. సూటిగా ఆయన్నే చూస్తోంది. ప్రార్థనంతా అలాగే చూస్తూ విన్నదని అర్థమైంది.

"ఆమెన్" అన్నాడు యజమాని గట్టిగా, మూత వేసినట్టు.

అందరూ కదిలారు. యజమాని చిన్నగా నవ్వి అధికారి వైపు తిరిగాడు. మొహంలో రంగు మాత్రం లేదు. "మావాడిది వెన్నలాంటి మనసు సార్. ఎవరికి ఏం జరిగినా తన పాపమే అనుకుంటాడు. చర్చిలో కూడా అంతే. దేవుడి మనిషి."

అధికారి ముక్కు తుడుచుకున్నాడు. ఫిట్టరు వంకా యజమాని వంకా మార్చి మార్చి చూశాడు. "ప్రార్థనలో ఏమన్నారో నేను లెక్కలోకి తీసుకోలేను. అది మీకూ మీ దేవుడికీ మధ్య సంగతి. నేను అడుగుతున్నాను, నాకు చెప్పండి. ఆ లాక్ పాడైందా?"

తప్పించుకునే దారి మళ్లీ తెరుచుకుంది. పాడైంది సార్ అని కూర్చుంటే చాలు. దేవుడి ముందు నిజం చెప్పినట్టూ ఉంటుంది, లాండ్రీలో ఉద్యోగమూ ఉంటుంది. మేస్త్రి నేల చూపులు చూస్తున్నాడు. ఇందాక కళ్లు మూసుకుని చెప్పింది కూడా దాక్కుని చెప్పినట్టేనని ఫిట్టరుకు తెలిసింది. ఇప్పుడు ఈ నలుగురి మొహాలూ చూస్తూ చెప్పాలి. ఇంతకంటే కష్టమైన పని ఆయన ఇంతవరకూ చెయ్యలేదు.

"పాడైంది సార్" అన్నాడు.

యజమాని వెనక్కి వాలి ఊపిరి వదిలాడు.

"ఆ పూట ఈమె పనిలోకి రాకముందే పాడైంది. దాని నాలుకను నేను తీగతో కట్టాను." జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని అధికారి ముందుకు జరిపాడు. "ఇదే అది. వెనక పలక విప్పితే కట్టిన చోట గీతలు కనబడతాయి. కట్టమన్నది సార్, కట్టింది నేను. ఈమెకు ఎవరం చెప్పలేదు. మూత ఎవరు లాగినా వచ్చేదే. ఆ రోజు ఇస్త్రీ మేస్త్రి లాగినా వచ్చేదే."

మేస్త్రి ఉలిక్కిపడి తన చేతుల వంక చూసుకున్నాడు.

"వెనక పలక విప్పించండి, చూద్దాం" అన్నాడు అధికారి లేస్తూ.

యజమాని ఫిట్టరు మొహంలోకి చూడలేదు. బ్రదర్ అనలేదు. "నువ్వు బయట కూర్చో ఫిట్టరూ" అన్నాడు.

బయట తడిబట్టల మూటల పక్కన బల్ల ఉంది. దాని మీద కూర్చున్నాడు. లోపల స్పానరు చప్పుడు వినబడుతోంది. ఎవరో అనుభవం లేనివాళ్లు పలక విప్పుతున్నారు, బోల్టుకు పళ్లు పోతాయి అనుకున్నాడు. కాసేపటికి ఆమె బయటికొచ్చింది. ఎదురుగా నిలబడింది.

"ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది అన్నా."

"అవునమ్మా."

"ఆస్పత్రికొచ్చి కూర్చుని కూడా చెప్పలేదు."

"అవును." బల్ల మీద కొంచెం పక్కకు జరిగాడు. "నన్ను క్షమించమ్మా."

"ఇప్పుడే అడక్కు" అంది ఆమె. "చెయ్యి సలుపుతోంది."

అని వెళ్లిపోలేదు. ఆటో వచ్చేదాకా ఆ బల్ల మీదే, రెండో చివర కూర్చుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. భార్య గుమ్మంలోనే ఆయన మొహం చూసి పక్కకు తప్పుకుంది.

"చెప్పేశాను" అన్నాడు.

"రేపు వెళ్తారా?"

"రమ్మంటారో లేదో. కబురు చేస్తామన్నారు."

ఆమె మంచినీళ్లు తెచ్చేసరికి ఆయన మంచం మీద అడ్డంగా ఒరిగిపోయి ఉన్నాడు. బూట్లు కూడా విప్పలేదు. సాయంత్రం ప్రార్థన చెయ్యకుండా ఆయన పడుకోవడం ఆమె ఇన్నేళ్ల కాపురంలో చూడలేదు. లేపుదామా అని ఒక్క క్షణం అనుకుంది. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లాడిలా గుర్రుపెడుతున్నాడు. ఆమెకు ఆయన మీద జాలేసింది. ప్రేమ కూడా కలిగింది, చాలా రోజుల తర్వాత. బూట్లు విప్పి దుప్పటి కప్పింది.

తలుపు చప్పుడైంది. పక్కింటావిడ చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. "మధ్యాహ్నం నుంచీ ఒళ్లు కాలిపోతోంది వదినా. అన్నయ్యగారు కాస్త ప్రార్థన చేస్తారేమోనని..."

"ఆయన ఇవాళ్టికి చేసేశారమ్మా. పడుకున్నారు" అంది ఆమె. పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "పద, నేనొస్తాను. డాక్టరు ఇంకా ఉండే ఉంటాడు."

గుమ్మం పక్కనున్న చెప్పుల్లో కాళ్లు పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.